ఉద్దానం జీడితోటలకు వెళ్లే ముందు: ఎలుగుబంటి జాగ్రత్తలు

మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో జీడిపళ్లు, పనసలు పండాయంటే ఎలుగులు దిగుతాయి.

తెల్లవారకముందు, చీకటి పడ్డాక వెళ్లొద్దు. ఒంటరిగా అసలే వద్దు. ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగుకి చూపు మందం. తల దించి చెదపుట్ట తవ్వుతుంటే మన అలికిడి పట్టించుకోదు. తీరా దగ్గరికెళ్లాక ఉలిక్కిపడి మీద పడుతుంది.

కర్ర, టార్చి ఉండాలి. ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే.

రాలిన పళ్లు ఇళ్ల దగ్గర కుప్ప పోయకండి.

వీపున పిల్లలున్న తల్లి కనిపిస్తే (ఫొటో మోజు వద్దు!) దాన్ని గమనిస్తూనే మెల్లగా వెనక్కి నడవండి. పరుగెత్తినా అందుకుంటుంది, చెట్టూ ఎక్కగలదు.

మీద పడితే బోర్లా పడుకుని, చేతులతో మెడ వెనుక కప్పుకోండి.

రక్తం ధారగా కారితే శుభ్రమైన గుడ్డతో అదిమి 108కి ఫోన్ చేయండి. చిన్న గాటైతే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడగాలి. ఏదైనా సరే, రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాల్సిందే.