రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ కోటకు పిల్లాపాపలతో వెళ్లే ముందు

☐ నవంబరు–ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. మే ఎండల్లో పిల్లలతో అసలు వద్దు. ఎడారి కదా అని స్వెటర్లు మానేయకండి, చలికాలం రాత్రిళ్లు వణికిస్తుంది.

☐ మనిషికో నీళ్ల సీసా, టోపీ, ఓఆర్‌ఎస్ పొట్లాలు.

☐ త్రికూట కొండ మీదికి రాళ్లు పరిచిన ఎక్కుడు దారి. జనం నడిచి నడిచి రాళ్లు నున్నబడ్డాయి, జారని బూట్లే వేసుకోండి. అమ్మమ్మా తాతయ్యా వస్తుంటే ఆటో ఎంతవరకు వెళ్తుందో కిందే అడగండి.

☐ 1156లో రావల్ జైసల్ కట్టించిన ఈ కోటలో ఇప్పటికీ కాపురాలున్నాయి. తలుపు తీసి ఉందని ఇళ్లలోకి తొంగిచూడొద్దు. ఇరుకు సందుల్లో స్కూటర్లు, ఆవులు ఎదురొస్తాయి. చిన్నపిల్లల చెయ్యి వదలకండి. బురుజుల అంచున సెల్ఫీలు వద్దే వద్దు.

☐ జైన గుళ్లకు ఉదయమే వెళ్లండి. తోలు బెల్టు, పర్సు బయటే వదలాలి. (మా ఆయన ప్యాంటు పట్టుకునే దర్శనం చేసుకున్నారు!)

☐ బస కోట బయట చూసుకోండి. లోపల వాడిన నీళ్లు పునాదుల్లోకి ఇంకి గోడలు దెబ్బతింటున్నాయి. కోట అందం కూడా బయటి డాబా మీంచే బాగా కనిపిస్తుంది, సాయంత్రం పసుపు రాయి బంగారంలా మెరుస్తుంటే.