సెల్లార్‌లో ముక్క వాసన: నీరు ఎటునుంచి వస్తోందో ముందు తేల్చండి

విశాఖలో సెల్లార్‌కు ముక్క వాసన పట్టిందంటే ఇరుగుపొరుగు ముందు చెప్పే మాట, "తలుపులు తీసిపెట్టండి, గాలి ఆడితే అదే పోతుంది" అని. అనంతపురంలో అయితే పోతుంది. సముద్రం పక్కన, వేసవి మొదలుకొని వానలు వెనకపట్టేదాకా, ఆ తెరిచిన తలుపే గోడలకు నీళ్లు పట్టిస్తుంది. లెక్క చూడండి. బయటి గాలి 32 డిగ్రీల వేడితో, 75 శాతం తేమతో ఉందనుకుందాం. అది 27 డిగ్రీలకు చల్లబడగానే అందులోని తేమ నీరై దిగుతుంది. మట్టిని ఆనుకున్న గోడ ఇంచుమించు అంతే చల్లగా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే గోడకూ చెమట పడుతుంది. కంటికి చుక్కలు కనిపించకపోయినా సరే, గోడ దగ్గర తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజుకు అది చాలు.

అందుకని పెయింటు, వాటర్‌ప్రూఫింగ్ డబ్బా, మెషీను ఏదీ కొనకముందే నీరు గాలిలోంచి దిగుతోందా, మట్టిలోంచి ఊరుతోందా, పైపులోంచి కారుతోందా తేల్చుకోవాలి. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

మందపాటి పాలిథిన్ షీటును అడుగున్నర చదరం ముక్కలుగా నాలుగు కోయండి. మట్టివైపు గోడకు నేల దగ్గర ఒకటి, ఛాతీ ఎత్తున ఒకటి, గచ్చు మీద ఒకటి, లోపలి అడ్డగోడకు ఒకటి అంటించండి. లేచిన పెయింటు గీకి, అంచుల దగ్గర పొడిగుడ్డతో తుడిచి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేయాలి. 48 గంటల తర్వాత చూడండి. షీటు వెనక తడి ఉంటే నీరు మట్టి నుంచి వస్తోంది. షీటు మీద, మనవైపు తడి ఉంటే గాలి నుంచి దిగుతోంది. రెండు వైపులా ఉంటే రెండూ ఉన్నట్టే. ముందు మట్టివైపు పని చూడాలి. అడ్డగోడ మీది ముక్క సరిచూసుకోవడానికి: దానికీ మనవైపు తడి పట్టిందంటే గదిలో గాలే తడిసి ఉంది.

తేమ కొలిచే డిజిటల్ మీటరు ఒకటి ఉండాలి. చవకవి తప్పు చూపిస్తాయి కనుక ఇలా సరిచూడండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు చుక్కలుగా కలపండి. ఉప్పు కరిగి నీరైపోకూడదు. ఆ మూతను, మీటరును కలిపి జిప్ కవరులో మూసి రాత్రంతా ఉంచండి. పొద్దున మీటరు 75 చూపాలి. 70 చూపితే, ఇకపై అది చెప్పినదానికి 5 కలుపుకోండి.

వానకూ మరకకూ మధ్య ఎంత సమయం పడుతోందో గమనించడం కూడా పరీక్షే. వాన మొదలైన గంటలోపే గోడ తడిస్తే తప్పు పైనుంచి దిగే పైపుదో, గోడ పక్క గచ్చుదో. వాన వెలిసిన ఒకటి రెండు రోజులకు తడిస్తే అది ఊట. ఆరిలోవ, హనుమంతవాక లాంటి కొండవాలు చోట్ల ఇది ఎక్కువ. ఎర్రమట్టిలో ఇంకిన వాననీరు కింద గట్టి రాయి తగలగానే వాలు వెంట జారుతుంది, కొండ తొలిచి కట్టిన ఇంటి వెనక గోడ దానికి అడ్డం నిలబడుతుంది. వానతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా ఒకేచోట తడి ఉంటే సంపునో, పైపునో అనుమానించండి. రాత్రి మోటారు, వాల్వులు అన్నీ ఆపి సంపులో నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారేసరికి గీత కిందికి దిగితే దొంగ దొరికినట్టే.

వాసన ముక్కినట్టు కాక మురుగులా ఉంటే అది వేరే సంగతి. వాడని ఫ్లోర్ ట్రాప్‌లో, అంటే గచ్చు మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నెలో, నీళ్లు ఆవిరైపోయి కాలువ గాలి లోపలికి వస్తోంది. రెండు చెంబుల నీళ్లు పోసి, పైన చెంచాడు నూనె వేస్తే త్వరగా ఆరిపోదు.

మట్టి నుంచి వచ్చే నీటికి వైద్యం బయటే మొదలుపెట్టాలి. గోడ పక్క నేల మొదటి 10 అడుగుల్లో కనీసం 6 అంగుళాలు బయటికి వాలాలి. డాబా మీది నీళ్లు దింపే పైపు గోడ మొదట్లోనే వదలకుండా 5, 6 అడుగుల అవతల వదలాలి. గోడను ఆనుకున్న పూలమడి తీసేయండి; రోజూ పోసే నీళ్లన్నీ గోడే తాగుతుంది. కొండవైపు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడకు నీరు పోవడానికి వదిలిన కన్నాలను జూన్ రాకముందే ఇనుప కడ్డీతో పొడిచి శుభ్రం చేయండి. అందులోంచి తేట నీరు కారితే మంచిదే. ఎర్రమట్టి కలిసిన నీరు కారుతోందంటే వెనక కంకర లేదు, మట్టి కొట్టుకొస్తోంది. అప్పుడు సొంత ప్రయోగాలు మాని స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

బయట తవ్వే వీలు లేని చోట లోపలినుంచి కట్టాల్సి వస్తుంది. నీరు చిమ్మే చోట వేసే త్వరగా గట్టిపడే ప్లగ్ సిమెంటు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో బిగుసుకుంటుంది, కనుక ఒక్కో పిడికెడే కలపాలి. ఎక్కువసార్లు ఊడిపోయేది సిమెంటు చెడ్డదై కాదు, పగులును 'వి' ఆకారంలో చెక్కడం వల్ల. వెనకనుంచి నీరు తోస్తే ఆ ముద్ద మేకులా బయటికి జారుతుంది. అంగుళం లోతు చెక్కి, లోపలి వెడల్పు బయటికంటే కాస్త ఎక్కువ ఉంచండి. గ్లవుజు వేసుకుని ముద్దను చేతిలో వేడెక్కేదాకా పట్టి, పగుల్లోకి తోసి, కదపకుండా మూడు నిమిషాలు అదిమి ఉంచండి. గోడ, గచ్చు కలిసే మూల కూడా ఇలాగే చెక్కి, కుంచించుకుపోని మోర్టారుతో నింపి, పైన 2 అంగుళాల ఏటవాలు కట్ట కట్టించండి. ఊట ఎక్కువగా చొరబడేది ఆ మూలనుంచే.

తర్వాత గోడకు క్రిస్టలైన్ సిమెంటు పూత, అంటే గోడ సన్న రంధ్రాల్లో స్ఫటికాలు కట్టి నీటిని ఆపే పూత. పాత పుట్టీ, పెయింటు పూర్తిగా పోయి సిమెంటో ఇటుకో కనబడాలి. గోడను తడిపి, నీటి మెరుపు పోయాక మొదటి పూత నిలువుగా, 4 నుంచి 6 గంటల తర్వాత రెండోది అడ్డంగా బ్రష్షుతో వేయాలి. తర్వాత కనీసం మూడు రోజులు రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించాలి. ఈ చివరి పని ఎగ్గొడితే పూత పొడిపొడిగా రాలిపోతుంది.

తెల్లగా ఉప్పు పూసిన గోడను నీళ్లతో కడగొద్దు, ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి ఎత్తి పారేయండి. ప్లాస్టరు పెచ్చులు ఊడుతుంటే మరక గీతకు అడుగున్నర పైదాకా ఇటుక కనబడేలా కొట్టించి కొత్తది వేయించాలి. చెమ్మ ఆరని గోడకు ప్లాస్టిక్ పెయింటు వేయడం డబ్బు పారబోయడమే: కొన్ని నెలల్లో బొబ్బలెక్కి ఊడుతుంది. దానికంటే వెల్ల మేలు. సున్నం క్షారం కాబట్టి బూజు నిలవదు, చెమ్మ బయటికి పోయే దారీ ఉంటుంది. పలచగా మూడు పూతలు వేయించండి.

బూజు తుడిచేముందు ఎన్‌95 మాస్కు, గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఫ్యాను, ఏసీ ఆపండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు, పెద్దవాళ్లు అటువైపు రాకూడదు. పొడిగా గీకితే బూజు గింజలు ఇల్లంతా లేస్తాయి. అందుకే లీటరు నీళ్లలో చెంచాడు సర్ఫు కలిపి ముందు స్ప్రేతో తడపండి, తర్వాత రుద్దండి. తడి బట్టతో తుడిచి, ఆ బట్టను కవరులో కట్టి పారేయండి. తుడిచిన చోటు అదే రోజు ఫ్యానుతో ఆరాలి. అట్టపెట్టెలు, ఉబ్బిన పార్టికల్ బోర్డు, బూజెక్కిన పరుపు మీద ఆశ వదులుకోండి. మూడడుగుల చదరానికి మించి బూజు పరుచుకుంటే పని తెలిసినవాళ్లకు అప్పగించండి.

బ్లీచింగ్ పౌడరు గోడకు అంత మేలు చేయదు. రంగు పోతుంది గానీ దాని నీరంతా గోడలోకే ఇంకుతుంది. దాన్ని బాత్రూం యాసిడ్‌తో మాత్రం పొరపాటునా కలపొద్దు. పుట్టే క్లోరిన్ గాలికంటే బరువు, సెల్లార్‌లో అది కిందే పేరుకుపోతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

ఊట ఆగాక మిగిలేది గాలి తేమ. తలుపులు మూసి, గాలిలోని తేమ లాగేసే మెషీను, కంప్రెసరు ఉన్న డీహ్యూమిడిఫయరు, 55 శాతానికి పెట్టి నడపండి. పెట్టె మీద రాసిన లీటర్లు చాలావాటికి 30 డిగ్రీలు, 80 శాతం తేమలో కొలిచినవి. గది పొడిబారేకొద్దీ అది లాగే నీరు తగ్గుతుంది, పాడైందనుకోకండి. 400 వాట్ల మెషీను రోజుకు 10 గంటలు నడిస్తే 4 యూనిట్లు. తొట్టి నిండితే ఆగిపోతుంది కనుక గొట్టాన్ని ఫ్లోర్ ట్రాప్‌లోకి వదలండి. చెమ్మ పీల్చే గుళికల డబ్బాలు ఒక్కోటి అర లీటరు పీల్చేసరికి అయిపోతాయి. పట్టుచీరల బీరువాకు సరే, గదికి చాలవు. సాంబ్రాణి, కర్పూరం వాసనను కప్పుతాయంతే.

తలుపులు ఎప్పుడు తీయాలి? వాతావరణం చూపే ఫోన్ యాప్‌లో డ్యూ పాయింట్ అని ఉంటుంది, అంటే గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని తేమ నీరై దిగుతుందో ఆ అంకె. అది గోడ వేడికంటే మూడు డిగ్రీలైనా తక్కువ ఉన్నప్పుడే తీయండి. మార్గశిరం నుంచి మాఘం దాకా అలాంటి రోజులు బోలెడు దొరుకుతాయి, అప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా వేయండి. మట్టివైపు గోడకు బీరువా ఆనించొద్దు, నాలుగు అంగుళాల సందు వదలండి. బియ్యం బస్తాలు, పుస్తకాల పెట్టెలు ఇటుకల మీద ఎత్తి పెట్టండి.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌లాంటి తుపానుకు సెల్లార్ మునిగితే ముందు కరెంటు మెయిన్ ఆపించాలి. బయట నేల ఇంకా నీళ్లతో నిండి ఉండగా లోపలి నీళ్లన్నీ ఒక్కసారే తోడితే బయటి ఒత్తిడికి ఇటుక గోడ లోపలికి ఒరగవచ్చు. ఒక అడుగు తోడి, గుర్తుపెట్టి, రాత్రంతా ఆగండి. మట్టం మళ్లీ పెరగకపోతే ఆపైన రోజుకు రెండు మూడు అడుగులు తోడవచ్చు. నీరు పోయిన 48 గంటల్లోపు తడిసినవన్నీ బయటికి చేర్చాలి, బూజు మొలవడానికి అంతకంటే ఎక్కువ వ్యవధి అక్కర్లేదు.

మిగిలిన మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. కార్తీకం వెళ్లాక మళ్లీ చూడండి: మరక గీత దాటితే నీరు ఇంకా వస్తోంది, వెనక్కి పాలిథిన్ ముక్కల దగ్గరకే వెళ్లాలి. దాటకపోతే పెయింటరును పిలవచ్చు.