ట్రక్కు ముందు భాగంలో వించ్ మౌంట్ సొంతంగా తయారు చేసుకోవడం ఎలా?

కూరుకుపోయిన బండిని తాడుతో బయటికి లాగే మోటారు యంత్రమే వించ్. దాన్ని కొనేటప్పుడు మోటారు సామర్థ్యం, తాడు పొడవు, రిమోట్ పనితీరు అన్నీ ఆరా తీసేవాళ్లు కూడా దాన్ని బిగించే మౌంట్ దగ్గరికి వచ్చేసరికి 'మందపాటి ప్లేటు ఒకటి వేసి వెల్డింగ్ చేస్తే సరి' అని తేల్చేస్తారు. ప్లేటు మందం ఒక్కటే చూస్తే చాలదు. తాడు మీద పడిన బలం ప్లేటు దాటి, పక్క బ్రాకెట్లు దాటి, బోల్టుల గుండా ఛాసీ దూలాల్లోకి, అంటే బండి అడుగున పొడవునా ఉండే రెండు ఇనుప దూలాల్లోకి చేరాలి. ఆ దారిలో ఏది బలహీనంగా ఉంటే అది ఊడుతుంది. అది కూడా బండి బురదలో కూరుకుపోయి, మోటారు పూర్తి బలంతో లాగుతున్నప్పుడే ఊడుతుంది. అందుకే ఈ పనిలో సగం కొలతలూ లెక్కలే. గ్రైండర్ చేతికి తీసుకునేది ఆ తరువాతే.

రెండు మాటలు ముందే చెప్పాలి. మందపాటి ఇనుమును వెల్డింగ్ చేసిన అనుభవం లేకపోతే కోత, డ్రిల్లింగ్, అమరిక వరకు మీరు చూసుకుని, అతుకులు మాత్రం పనితెలిసిన వెల్డర్‌కు వదిలేయండి. వాహనం ముందు భాగంలో మార్పులకు మీ ప్రాంతంలో ఏ నిబంధనలు ఉన్నాయో కూడా కనుక్కోండి. బండిలో ఎయిర్‌బ్యాగులు ఉంటే ఈ సంగతి మరీ ముఖ్యం.

బలం ఎంత, ఎటు?

సామాన్లు, ఇంధనం, మనుషులతో సహా బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగల వించ్ ఎంచుకోవడం వాడుకలో ఉన్న సూత్రం. నిండు బరువు 2.6 టన్నులైతే 3.9 టన్నులు కావాలి. మార్కెట్లో దానికి దగ్గరగా దొరికేది 9,500 పౌండ్ల వించ్, అంటే సుమారు 4.3 టన్నులు. తాడు చుట్టుకునే డ్రమ్ము మీద ఒకే వరుస మిగిలినప్పుడే ఆ సంఖ్య నిజం. పైన వరుసలు పెరిగేకొద్దీ లాగే శక్తి తగ్గుతుంది. మౌంట్‌ను మాత్రం పూర్తి 4.3 టన్నులకే తయారు చేయాలి.

తాడును కప్పీ మీదుగా తిప్పి, కొక్కేన్ని మళ్లీ బండికే తగిలిస్తే లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది. అందులో సగం వించ్ మీద, సగం ఆ కొక్కెం తగిలించిన చోట పడుతుంది. కొక్కెం కోసం రింగును కూడా ఇదే మౌంట్‌కు అతికించారనుకోండి, ఛాసీ బోల్టులు మోయాల్సింది 4.3 కాదు, 8.6 టన్నులు. ఆ రింగును విడిగా ఛాసీకే బిగించడం మేలు.

ఇక పక్కకు లాగడం. తాడు నేరుగా ముందుకే ఉంటే రెండు దూలాలు బరువును సమానంగా పంచుకుంటాయి. అడవి దారిలో చెట్టు ఎప్పుడూ ఎదురుగానే ఉండదు కదా! ఛాసీ దూలాల మధ్య దూరం 80 సెం.మీ., తాడు బయటికి వచ్చే చోటు బోల్టులకు 40 సెం.మీ. ముందు ఉందనుకుందాం. తాడును 4.3 టన్నుల బలంతో 30 డిగ్రీలు కుడికి లాగితే ఎడమ దూలం మీద 2.9 టన్నులు, కుడి దూలం మీద 0.8 టన్నులు పడతాయి. తాడు ఉన్న వైపు కాకుండా దాని ఎదుటి వైపు ఎక్కువ మోయడం చాలామందికి వింతగా అనిపిస్తుంది గానీ, మౌంట్ ముక్కు కుడికి తిరగబోతే దాని ఎడమ భుజమే ముందుకు లాగబడుతుంది. దీనికి తోడు రెండు టన్నులకు పైగా అడ్డ బలం కూడా ఉంటుంది. కాబట్టి రెండు పక్కల బ్రాకెట్లను కలుపుతూ ఒక అడ్డ దూలం తప్పనిసరి. అది లేకుండా రెండు చెవుల్లాంటి బ్రాకెట్ల మధ్య వించ్ కూర్చునే ట్రే మాత్రమే వేలాడదీసిన మౌంట్లు పక్కకు లాగినప్పుడు మెలితిరుగుతాయి.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. తాడు బోల్టుల కంటే 12 సెం.మీ. పైన ఉంటే మౌంట్ ముందుకు తిరగబడాలని చూస్తుంది. ముందు బోల్టుకు, వెనక బోల్టుకు మధ్య 20 సెం.మీ. ఉంటే వాటి మీద పడే అదనపు బలం రెండు వైపులా కలిపి 2.6 టన్నులు. అదే 8 సెం.మీ. ఉంటే 6.5 టన్నులు. బ్రాకెట్‌ను దూలం వెంట వెనక్కి పొడిగించడానికి అయ్యే ఇనుము కొంచెమే, వచ్చే లాభం మాత్రం చాలా ఎక్కువ. వించ్‌ను వీలైనంత కిందకు, వెనక్కి జరపండి. ముందు ఇరుసు మీద పడే అదనపు భారం కూడా తగ్గుతుంది.

బంపర్ విప్పి చూడటం

బంపర్, గ్రిల్ తీసేసి ఛాసీ దూలాల కొసలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేయండి. తుప్పు, పగుళ్లు, పాత ప్రమాదంలో వంగి సరిచేసిన గుర్తులు ఉన్నాయేమో చూడండి. సుత్తితో మెల్లగా కొడితే తుప్పుతో పలచబడ్డ చోట శబ్దం మందంగా వస్తుంది.

చాలా కొత్త వాహనాల్లో దూలం కొసన పలచటి రేకుతో చేసిన డబ్బా ఒకటి బోల్టులతో ఉంటుంది. గుద్దుకున్నప్పుడు నలిగిపోయి దెబ్బను తగ్గించడానికి పెట్టిన భాగం అది. వించ్‌ను దానికి బిగించకూడదు. దాన్ని తీసేసి మందపాటి గొట్టం పెట్టడమూ పరిష్కారం కాదు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సమయమే మారిపోవచ్చు. బలం దాని వెనకున్న అసలు దూలానికి చేరేలా బ్రాకెట్లు వెనక్కి వెళ్లాలి. ముందు డబ్బాను దాని మానాన వదిలేయాలి. ఇది సాధ్యం కాని బండికి ఇంట్లో తయారీ వద్దు, ఆ మోడల్‌కే పరీక్షించి అమ్మే మౌంట్ కొనుక్కోవడం మంచిది.

అట్టతో నమూనా

వించ్‌ను జాకీ మీద, చెక్క ముక్కల మీద నిలబెట్టి అసలు చోటికి తెచ్చి చూడండి. రసమట్టంతో అడ్డం సరిచూసి, రెండు దూలాల నుంచి సమానంగా కొలిచి డ్రమ్మును నడిమధ్యకు తీసుకురండి. వించ్‌కు మధ్య కాకుండా డ్రమ్ముకు మధ్య చూడాలి. ఒక వైపు మోటారు, మరో వైపు గేర్ల పెట్టె పొడవులు వేరు కాబట్టి ఈ రెండూ ఒకటి కావు.

అప్పుడు మందపాటి గ్లౌజు వేసుకుని, డ్రమ్మును గేర్ల నుంచి విడదీసే క్లచ్ లివర్ తిప్పి చూడండి. చేయి దూరకపోతే అమరిక మార్చాల్సిందే. చాలా వించ్‌లలో గేర్ల పెట్టెను విప్పి లివర్ దిశను మార్చి బిగించే వీలుంటుంది. రేడియేటర్‌కు గాలి తగలాలి, బానెట్ తెరుచుకోవాలి, హెడ్‌లైట్లు కనబడాలి. ఇవన్నీ సరిపోయాక పక్క బ్రాకెట్లు, ట్రే, ముందు ప్లేటు ఆకారాలను అట్ట మీద గీసి కత్తిరించి టేపుతో అతికించండి. అట్ట నమూనా బండికి సరిగ్గా కూర్చోకపోతే ఇనుము కూర్చోదు.

ప్లేటు, రంధ్రాలు

ఈ స్థాయి వించ్‌కు ట్రే, ముందు ప్లేటు 6 మి.మీ., దూలానికి బిగించే పక్క ప్లేట్లు 8 మి.మీ. మామూలు ఇనుము సరిపోతుంది. 8,000 నుంచి 12,000 పౌండ్ల వించ్‌లలో ఎక్కువ వాటికి కాళ్ల రంధ్రాల మధ్య దూరం 254 మి.మీ. × 114.3 మి.మీ. ఉంటుంది. అయినా మీ వించ్‌ను కొలిచాకే డ్రిల్లు పెట్టండి. రంధ్రం మధ్య నుంచి ప్లేటు అంచుకు బోల్టు వ్యాసానికి కనీసం రెండు రెట్లు ఉండాలి. లోపలి మూలలను చతురస్రంగా కోయకుండా ముందు ఒక రంధ్రం చేసి అక్కడికి కోత తీసుకురండి. పదునైన మూలల దగ్గరే పగులు మొదలవుతుంది.

ఛాసీకి రంధ్రాలు చేయాల్సి వస్తే దూలం పైఅంచు, కిందిఅంచు జోలికి పోవద్దు. దూలం వంగకుండా నిలబెట్టేది ఆ అంచులే. నిలువు గోడలో మధ్య భాగాన్ని ఎంచుకోండి. ఇప్పటికే ఉన్న రంధ్రాలు కలిసొస్తే అంతకంటే మేలు లేదు.

దూలం పెట్టెలా నాలుగు వైపులా మూసి ఉంటే, బోల్టును అటు నుంచి ఇటు దూర్చి బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. ఎంత బిగించినా పట్టు నిలవదు. రెండు గోడల మధ్య సరిగ్గా సరిపోయే మందపాటి గొట్టం ముక్కను లోపల పెట్టి, దాని గుండా బోల్టు పంపాలి. చిన్న పనే గానీ తప్పించుకోవాలనిపించేది కూడా ఇదే. తప్పించుకోకండి.

ఒక్కో వైపు 8.8 గ్రేడు (ఎక్కువ బలమున్న ఉక్కు) ఎం12, అంటే 12 మి.మీ. వ్యాసం బోల్టులు నాలుగు వేస్తే ఈ బరువుకు బాగుంటుంది. సరిగ్గా బిగించిన ఒక్కో బోల్టు రెండు ప్లేట్లను సుమారు 3.7 టన్నుల బలంతో అదిమి పెడుతుంది. రంగు లేని ఇనుము మీద రాపిడిని 0.2గా తీసుకుంటే ఎనిమిది బోల్టులూ కలిసి ఆరు టన్నుల దాకా జారకుండా ఆపుతాయి. బోల్టు అడ్డంగా కోతకు గురయ్యేలోపే ఆ రాపిడి పని చేస్తుంది. పౌడర్ కోటింగ్ వేసిన మెత్తటి పొర మధ్యలో ఉంటే ఈ లెక్క తప్పుతుంది. అందుకే దూలానికి ఆనుకునే ముఖాల మీద, బోల్టు తలల కింద మందపాటి రంగు వద్దు. పలచటి ప్రైమర్ చాలు.

అతుకులు

బండి మీద టాక్ (ముక్కలు కదలకుండా అక్కడక్కడా వేసే చిన్న అతుకు) వేయాలంటే ముందు బ్యాటరీ రెండు తీగలూ విప్పేయండి. వెల్డింగ్ యంత్రం ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే, గీకిన ఇనుము మీద పెట్టండి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా, సెన్సార్ల గుండా దారి వెతుక్కుంటుంది. ముక్కలన్నీ బండి మీదే బోల్టులతో బిగించి టాక్ వేసి, ఆ తరువాత విప్పి బల్ల మీద పూర్తి అతుకులు వేయండి. జింకు పూత ఉన్న ఇనుమైతే అతుకు చోట పూతను పూర్తిగా గీకేయాలి, ఆ పొగ పీల్చకూడదు.

6 మి.మీ. ప్లేటు అంచును వాలుగా గ్రైండ్ చేసి, లోపలి వరకు కరిగేలా మొదటి వరుస వేసి, దాని మీద రెండోది వేయండి. వెల్డింగ్ కడ్డీలతో చేసేవాళ్లకు 7018 రకం మంచిది, కానీ తడి తగలకుండా వేడిగా నిల్వ చేసిన కడ్డీలే వాడాలి. 6 మి.మీ. మూల అతుకు బాగా పడితే ఒక్క సెంటీమీటరు పొడవు 600 కిలోలు నిశ్చింతగా మోస్తుంది. అంటే అతుకు పొడవుకు కొరత ఉండదు. విరిగేవన్నీ పైకి నున్నగా మెరుస్తూ కింద కరగని అతుకులే. బోల్టుతో బిగించే భాగాలకే వెల్డింగ్ పరిమితం చేయండి. ఛాసీ దూలానికి నేరుగా వెల్డింగ్ చేస్తే, ముఖ్యంగా ఎక్కువ బలమున్న ఉక్కుతో చేసిన కొత్త బండ్లలో, అతుకు పక్కన ఉక్కు గుణం మారిపోతుంది.

ఒకే వైపు వరసగా వెల్డింగ్ చేస్తే ట్రే మెలితిరుగుతుంది. అటు కొంత, ఇటు కొంత వేస్తూ చల్లారనివ్వండి. చల్లారాక ట్రే మీద ఉక్కు స్కేలు నిలబెట్టి కింద సందు చూడండి. అర మిల్లీమీటరు దాటితే సరిచేయాల్సిందే. వంకర ట్రే మీద బోల్టులు బిగిస్తే వించ్ శరీరమే వంగి, డ్రమ్ము బిగుసుకుపోతుంది. క్లచ్ తీసినా తాడు చేత్తో లాగడం కష్టమైతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ముందు ప్లేటుకు బిగించే ఫెయిర్‌లీడ్ (తాడు బయటికి వచ్చే దారి) తాడుకు తగ్గదే వాడాలి. ఉక్కు తాడుకు రోలర్లు, సింథటిక్ తాడుకు నున్నటి అల్యూమినియం హాస్, అంటే రోలర్లు లేని గుండ్రటి అంచుల ఫెయిర్‌లీడ్. ఉక్కు తాడు గీతలు పెట్టిన పాత రోలర్ల మీద సింథటిక్ తాడు వేస్తే పోగులు తెగిపోతాయి. పక్కకు లాగేటప్పుడు ఫెయిర్‌లీడ్ ముందు ప్లేటును గట్టిగా నెడుతుంది కాబట్టి, ఆ ప్లేటు వెనక రెండు త్రికోణపు సపోర్టు ముక్కలు అతికించండి.

బిగింపు, తొలి లాగుడు

ఎం12 బోల్టులను టార్క్ రెంచితో సుమారు 80 న్యూటన్ మీటర్లకు బిగించండి. వించ్ కాళ్ల బోల్టులకు మాత్రం తయారీదారు చెప్పిన పొడవు, బిగింపే పాటించాలి. పొడవు ఎక్కువైతే బోల్టు అడుగుకు తగిలి బిగిసినట్టు కనిపిస్తుంది, కానీ వించ్ వదులుగానే ఉంటుంది. ఒక్కో బోల్టు తల మీదుగా ప్లేటు దాకా పెయింట్ గీత గీయండి.

కరెంటు సంగతి క్లుప్తంగా: పూర్తి భారంతో 12 వోల్టుల వించ్ 400 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. వించ్‌తో వచ్చిన మందపాటి తీగలే వాడండి, పదునైన అంచుల దగ్గర రబ్బరు తొడుగు వేయండి, బ్యాటరీ దగ్గర కరెంటును పూర్తిగా ఆపేసే ఐసోలేటర్ స్విచ్ పెట్టండి.

మొదటిసారి ఖాళీ బండిని కొంచెం వాలు మీద మెల్లగా లాగనివ్వండి. తాడు ఆ బిగువుతోనే డ్రమ్ము మీద వరుసగా చుట్టుకుంటుంది. ఉక్కు తాడైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ అయితే ఎనిమిది నుంచి పది చుట్లు డ్రమ్ము మీద ఎప్పుడూ మిగలాలి. ఉక్కు తాడు మీద బరువైన దుప్పటి వేయండి. తాడుకు ఎదురుగా గానీ, దాన్ని దాటుకుంటూ గానీ ఎవరినీ తిరగనివ్వకండి.

ఆ తరువాత 30 డిగ్రీల పక్క లాగుడు కూడా తక్కువ భారంతో చేసి, పెయింట్ గీతలు చూడండి. గీత విరిగితే బోల్టు కదిలినట్టే. రంధ్రం సాగి గుడ్డు ఆకారంలోకి వస్తే పెద్ద బోల్టు వేసి సరిపెట్టకండి. ప్లేట్లు ఎందుకు జారాయో, మధ్యలో రంగు ఉందా, లోపలి గొట్టం పొట్టిగా ఉందా అని వెతకండి. అతుకు కొసన వెంట్రుక లాంటి పగులు కనిపిస్తే దాని మీద మళ్లీ వెల్డింగ్ పూయడం దండగ. పగులు చివరి దాకా గ్రైండర్‌తో తవ్వి, పూర్తిగా పోయిందని తేలాక కొత్తగా నింపండి. అదే చోట మరోసారి పగిలితే అక్కడ సపోర్టు ముక్క తక్కువైంది, లేదా బ్రాకెట్ ఇంకా వెనక్కి వెళ్లాలి.