పాత మారుతిలో రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదా? లోపం ఇలా పట్టుకోండి

రోహిణీ కార్తె ఎండలో నెల్లూరు ట్రంకు రోడ్డు మీద బండి ఇరుక్కుంది. టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది, ఫ్యాన్ చప్పుడు మాత్రం లేదు. ఇలాంటప్పుడు గ్యారేజీలో మొదట వినపడే మాట 'మోటారు పోయింది'. కార్బురేటర్ కాలం నాటి మారుతి 800 లాంటి బండ్లలో మోటారు కాలడం కంటే ఫ్యూజు దగ్గరో, కప్లర్‌లోనో (వైర్లు కలిసే ప్లగ్గు), ఎర్త్ (బాడీకి బిగించే మైనస్ వైరు) దగ్గరో కరెంటు ఆగిపోవడమే ఎక్కువ. కొత్త మోటారు కొనేముందు ఒక గంట కేటాయించండి.

అసలు తప్పు ఫ్యాన్‌దేనా అన్నది ముందు తేల్చుకోవాలి. బండి హైవే మీద పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఒంగోలు నుంచి కావలి వచ్చేలోపు పరుగులోనే వేడెక్కితే కూలెంట్ మట్టం, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే వాల్వు), పూడుకుపోయిన రేడియేటర్ చూడాలి. రైలు గేటు దగ్గర ఆగితే ముల్లు లేచి, కదలగానే దిగితే అది ఫ్యాన్ పనే. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీలకు కంపెనీ ఇచ్చింది బెల్టు ఫ్యాన్. తర్వాత ఎవరైనా ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించి ఉంటేనే ఈ పద్ధతి వాటికి పనికొస్తుంది.

కావలసినవి: మల్టీమీటర్, రెండు వైర్ల 12 వోల్టుల టెస్ట్ బల్బు, 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన రెండు మీటర్ల వైరు, ఎమరీ పేపర్, స్పానర్లు. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. ఫ్యాన్ ఏ క్షణంలోనైనా అందుకోవచ్చు, కొన్ని బండ్లలో తాళం తీసేసినా సరే. కండువా, చున్నీ దూరంగా పెట్టి వంగండి.

కరెంటు నడిచే దారి చిన్నదే: బ్యాటరీ, ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉంటే అది, మోటారు, ఎర్త్. నీళ్ల వేడిని బట్టి దీన్ని కలిపేది, విడదీసేది థర్మో స్విచ్. వెతకడం మోటారు నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి.

1. మోటారుకు డైరెక్ట్ ఇవ్వండి. కప్లర్ విప్పి, ఫ్యూజు వైరుతో బ్యాటరీ ప్లస్, ఇంకో వైరుతో మైనస్ ఇవ్వండి. తిరిగితే మోటారు బాగున్నట్టే. తిరగకపోతే వైర్లు తీసేసి రెక్కను చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే బుష్ పోయింది. తేలిగ్గానే తిరుగుతుంటే మళ్లీ కరెంటు ఇచ్చి, మోటారు వెనక స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. అప్పుడు అందుకుంటే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు. విప్పడానికి వీలున్న మోటారైతే రివైండింగ్ షాపులో బ్రష్‌లు మార్పించుకోవచ్చు.

ప్లస్, మైనస్ తారుమారైతే ఫ్యాన్ ఎదురు తిరుగుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ బండి వేడెక్కుతూనే ఉంటుంది. ఫ్యాన్ తిరిగేటప్పుడు రేడియేటర్ ముందు వైపు న్యూస్ పేపర్ ముక్క పెట్టండి. అది లోపలికి అతుక్కోవాలి.

2. థర్మో స్విచ్‌ను దాటించండి. ఇది బండిని బట్టి రేడియేటర్‌కో, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గరో, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కో ఉంటుంది. తాళం ఆన్ చేసి, రెండు వైర్ల స్విచ్ అయితే ఆ రెంటినీ కలపండి. ఒకే వైరైతే దాన్ని ఇంజిన్ ఇనుముకు తాకించండి. ఫ్యాన్ అందుకోకుండా గేజి ముల్లు లేచిందంటే మీరు పట్టుకున్నది గేజి సెండర్ (టెంపరేచర్ ముల్లుకు వేడి తెలిపే భాగం) వైరు, వెంటనే వదిలేయండి.

ఫ్యాన్ అందుకుంటే అనుమానం స్విచ్ మీదే. ఇంజిన్ చల్లారాక దాన్ని విప్పి, స్విచ్‌కు మల్టీమీటర్‌ను బజర్ మోడ్‌లో తగిలించి, కొనను గిన్నెలో నీళ్లలో ముంచి కాచండి. చాలా స్విచ్‌లు 90–98 డిగ్రీల మధ్య కలుస్తాయి, కొంచెం చల్లారాక విడిపోతాయి. నీళ్లు తెర్లుతున్నా మల్టీమీటర్ కూత పెట్టకపోతే స్విచ్ పారేయండి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు పోసిన బండ్లలో స్విచ్ కొనకు సున్నంలా గార పడుతుంది. వేడి దానికి ఆలస్యంగా తగులుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే పోయండి. ఇంకో సంగతి: ఒకే వైరు స్విచ్‌కు ఎర్త్ మరల ద్వారానే అందుతుంది. లీకు ఆగాలని టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఆ ఎర్త్ తెగి, కొత్త స్విచ్ కూడా పని చేయదు.

3. స్విచ్ దాటించినా తిరగకపోతే ఫ్యూజు, రిలే. ఫ్యూజు రెండు చివర్లా టెస్ట్ బల్బు వెలగాలి. కంటికి బాగున్న ఫ్యూజు కూడా క్లిప్పు తుప్పు వల్ల కరెంటు ఇవ్వకపోవచ్చు. ఫ్యూజు మాటిమాటికీ కాలుతుంటే మోటారు పట్టేసి ఉండాలి, లేదా వైరు ఒరుసుకుని బాడీకి తగులుతుండాలి. సిగరెట్ పెట్టె రేకు చుట్టడం, లావు తీగ వేయడం వైరింగ్ మొత్తానికి నిప్పు పెట్టడమే. నాలుగు కాళ్ల రిలేలో 30 నంబరు కాలికి బ్యాటరీ కరెంటు వస్తుంది, 87 నుంచి మోటారుకు పోతుంది, 85, 86 కాయిల్‌వి. టిక్కుమన్నా 87లో కరెంటు లేకపోతే లోపలి కాంటాక్టులు కాలాయి. రిలే మార్చి చూడండి. ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంటే రిలే కాంటాక్టులైనా, థర్మో స్విచ్ అయినా అతుక్కుపోయి ఉంటాయి.

4. తిరుగుతోంది గానీ నీరసంగా తిరుగుతోందా? మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి ఎర్త్ బోల్టులు లోలోపలే తుప్పు తింటాయి. ఫ్యాన్ తిరిగేటప్పుడు మల్టీమీటర్ ఒక కొన మోటారు ఎర్త్ వైరుకు, రెండోది బ్యాటరీ మైనస్‌కు పెట్టండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదు. బోల్టు విప్పి, కింద ఇనుము మెరిసేదాకా ఎమరీతో రుద్ది, కొత్త లగ్గు బిగించి, పైన వాసెలిన్ పూయండి. ఎర్త్ బాగుండి, బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉన్నా మోటారు దగ్గర 11 మాత్రమే వస్తుంటే లోపం ప్లస్ వైపు. నల్లబడిన కప్లర్ ముందు చూడండి.

చాలామంది మెకానిక్కులు ఇదంతా ఎందుకని ఫ్యాన్‌ను తాళానికి డైరెక్ట్ కలిపేస్తారు. ఇల్లు చేరడానికి పర్వాలేదు. అలాగే వదిలేస్తే మోటారు అవసరం లేకపోయినా తిరిగి అరుగుతుంది, రిలే లేకపోతే ఆ కరెంటంతా మోసి ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టులు కాలతాయి.

పనయ్యాక కూలెంట్ నింపి, మూత తీసి ఇంజిన్ స్టార్ట్ చేసి బుడగలు ఆగేదాకా ఉంచండి. స్విచ్ కొన గాలి బుడగలో ఉంటే నీళ్ల వేడి దానికి అందదు. మూత బిగించి బండిని నిలబెట్టే ఉంచండి. ఫ్యాన్ తనంతట తాను అందుకుని, కాసేపటికి ఆగి, మళ్లీ అందుకునేదాకా బానెట్ మూయకండి.