కోస్తాకు 'పొడి వాతావరణం' అని సూచన వచ్చినప్పుడు దాన్ని చదివే పద్ధతి

ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక అమరావతి వాతావరణ కేంద్రం వెలువరించే రోజువారీ బులెటిన్‌లో ఉత్తర కోస్తా, యానాం, దక్షిణ కోస్తా, రాయలసీమ అన్నింటికీ ఇంచుమించు ఒకే వాక్యం కనిపిస్తుంది: రాగల మూడు రోజులు పొడి వాతావరణం ఏర్పడే అవకాశం ఉంది. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. కానీ ఆ మాట చెప్పేది వాన లేదన్న ఒక్క సంగతే. రాత్రి చలి ఎంత ఉంటుందో, తెల్లవారుజామున దారి కనిపిస్తుందో లేదో, నారుమడికి దెబ్బ తగులుతుందో లేదో తెలియాలంటే బులెటిన్‌లోని మిగతా భాగాన్ని కూడా ఒక వరుసలో చదవాలి.

ముందుగా చూడవలసింది ఉష్ణోగ్రతను కాదు, గాలి దిక్కును. 'దిగువ ట్రోపో ఆవరణంలో ఈశాన్య గాలులు' లేదా 'ఉత్తర, వాయవ్య గాలులు' అని ఆరంభంలో ఒక చిన్న వాక్యం ఉంటుంది (దిగువ ట్రోపో ఆవరణం అంటే నేలకు దగ్గరగా ఉండే గాలి పొర). అసలు విషయమంతా అందులోనే ఉంది. ఉత్తర, వాయవ్య దిక్కుల నుంచి వచ్చే గాలి ఛత్తీస్‌గఢ్, ఒడిశా భూభాగం మీదుగా వస్తుంది కనుక అందులో తేమ తక్కువ. ఆకాశం నిర్మలంగా ఉండి, పగలు నేల గ్రహించిన వేడి రాత్రికి త్వరగా పైకి పోయి, తెల్లవారేసరికి చలి బాగా ముదురుతుంది. తూర్పు గాలి బంగాళాఖాతం మీదుగా తేమను తెస్తుంది కాబట్టి వాన పడకపోయినా రాత్రి ఉష్ణోగ్రత కొంత పెరుగుతుంది. శ్రీలంక పరిసరాల్లో అల్పపీడనం ఉందని అదే బులెటిన్‌లో కనిపిస్తే, నెల్లూరు వైపు మబ్బు పట్టి, ఆ మబ్బు దుప్పటిలా వేడిని ఆపి ఉంచే అవకాశం ఉందని అర్థం చేసుకోవాలి.

'ఈశాన్య గాలులు' అన్నప్పుడు మాత్రం మీ ఊరు తీరంలో ఎక్కడుందో చూసుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం దాకా మన తీరరేఖే ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది కాబట్టి ఈశాన్య గాలి అక్కడ ఒడ్డు వెంబడి వీస్తుంది. కాస్త ఉత్తరానికి మళ్లితే నేల గాలి, కాస్త తూర్పుకు మళ్లితే సముద్రపు గాలి. బాపట్ల దాటి ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కనుక అదే గాలి అక్కడికి నేరుగా సముద్రం నుంచే వస్తుంది. ఒకే సూచన కింద శ్రీకాకుళంలో వణుకు, నెల్లూరులో పలుచని దుప్పటితో సరిపోయే రాత్రి రావడానికి ఇదొక ముఖ్య కారణం.

తర్వాత కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టిక చూడండి. అందులోని అంకె ఉదయం 8.30 గంటలకు ముగిసిన 24 గంటలది. మీకు పనికొచ్చే కేంద్రాన్ని ఎంచుకోవడంలోనే జాగ్రత్త అవసరం. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న వాల్తేరు కేంద్రం కంటే విమానాశ్రయ కేంద్రంలో రాత్రులు సాధారణంగా చల్లగా ఉంటాయి. మచిలీపట్నం కంటే లోపలున్న నందిగామ చల్లన. లంబసింగి, చింతపల్లి, మినుములూరు అంకెలను పత్రికలు పెద్ద అక్షరాలతో వేస్తాయి గాని, అవి ఏజెన్సీ కొండల అంకెలు, కాకినాడలో ఉన్నవారు వాటిని చూసి కంగారు పడనక్కర లేదు. అంకె పక్కన 'సాధారణం కంటే తేడా' అనే గడి ఉంటుంది. మైదాన ప్రాంతంలో చలిగాలుల ప్రకటనకు కనిష్ఠం 10 డిగ్రీలకు దిగాలి. తీరప్రాంత కేంద్రాలు ఆ అంకెకు చేరడం అరుదు కనుక, సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి తగ్గి, కనిష్ఠం 15 లేదా అంతకంటే తక్కువ ఉంటే భారత వాతావరణ విభాగం అక్కడ చలిగాలులుగా పరిగణిస్తుంది. ఉష్ణమాపకం ఉండేది నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున, నీడలో. నిర్మలమైన రాత్రి పొలంలో నేలను ఆనుకున్న గాలి అంతకంటే చల్లగా ఉంటుందని రైతులు లెక్కలో వేసుకోవాలి.

పొగమంచుకు పొడి ఆకాశం ఒక్కటే చాలదు, గాలి నిలిచిపోవాలి, నేల తడిగా ఉండాలి. కాలువలు, మాగాణులు ఉన్న కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఈ మూడూ కలుస్తాయి కనుకనే జనవరి ఉదయాల్లో గన్నవరంలో విమానాలు ఆలస్యమవుతుంటాయి. 'దట్టమైన పొగమంచు' అంటే చూపు 50 నుంచి 200 మీటర్ల వరకే ఆనుతుందని, 'అతి దట్టమైన' అంటే 50 మీటర్లు కూడా ఆనదని అర్థం. అటువంటి సూచన ఉన్న రోజు జాతీయ రహదారి ప్రయాణాన్ని ఎండ వచ్చాక పెట్టుకోవడం మేలు; తప్పనిసరైతే హైబీమ్ వెలిగించకుండా, ముందు బండికి బాగా దూరంగా నడపాలి.

దాళ్వా (రబీ వరి) నారుమళ్లకు ఈ సూచన నేరుగా సంబంధించినది. రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోయే రోజుల్లో నారు పసుపు రంగుకు తిరిగి ఎదగక నిలిచిపోతుంది. సాయంత్రం మడికి నీరు పెట్టి, ఉదయం చల్లబడిన ఆ నీటిని తీసి కొత్త నీరు పెట్టడం, రాత్రి వేళ కర్రల మీద పట్టా కప్పి పొద్దెక్కగానే తీసివేయడం అవసరం. మాగాణి మినుములో ఆకుల మీద తెల్లని పొడి, మామిడి పూతలో బూడిద తెగులు కనిపిస్తున్నాయేమో ఈ రోజుల్లోనే గమనించాలి; మందు కొట్టేది మంచు ఆరిన తర్వాతే. రొయ్యల చెరువుల వారు నీటి ఉష్ణోగ్రత తగ్గినప్పుడు మేత అలవాటు చొప్పున వేయకుండా, చెక్ ట్రేలో (మేత ఎంత తింటున్నాయో చూసేందుకు చెరువులో దించే పళ్లెంలో) మిగిలింది చూసి తగ్గించాలి.

ఇంట్లో వృద్ధులకు, ఉబ్బసం ఉన్నవారికి తెల్లవారుజాము నడక వద్దని చెప్పాలి. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం.

వేటకు వెళ్లేవారికి ఒక మాట. పొడి వాతావరణం అంటే సముద్రం ప్రశాంతంగా ఉందని కాదు. ఈశాన్య గాలి జోరుగా వీస్తే మబ్బు తునక లేకపోయినా అలలు లేస్తాయి. అందుకే మత్స్యకారుల హెచ్చరికను, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) ఇచ్చే అలల ఎత్తు అంచనాను వేరుగా చూడాలి.

ఇక ఎంత ముందుచూపును నమ్మవచ్చు? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలంటారు గాని, రోజువారీ పనులకు మూడు నుంచి ఐదు రోజుల సూచననే పట్టుకోవాలి. గురువారాల్లో వచ్చే నాలుగు వారాల అంచనా, అంతకంటే పెద్ద సీజన్ అంచనా చెప్పేది సాధారణం కంటే చలి ఎక్కువో తక్కువో అన్న మొగ్గును మాత్రమే. ఫలానా తేదీన నారు పోయవచ్చా అన్న ప్రశ్నకు వాటిలో జవాబు వెతకకూడదు. నారు పోసే ముందు రోజు, ప్రయాణానికి ముందు సాయంత్రం తాజా బులెటిన్‌ను మళ్లీ తెరిచి, గాలి వాక్యం మారిందా లేదా అన్నది ముందుగా చూడండి.