మొదటిసారి ఎయిర్ రైఫిల్ రేంజికి వెళ్తున్నారా? ఇవి చూసుకోండి

10 మీటర్ల దూరం నుంచి కాల్చే, గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ రైఫిల్ కదా, ఆటబొమ్మలాంటిదేలే అనుకునేవారు ఉన్నారు. దాని పెల్లెట్ (చిన్న గుండు) దగ్గరి నుంచి తగిలితే కన్ను పోతుంది.

• రైఫిల్ అందుకోగానే బోల్టు (పెల్లెట్ పెట్టే చోటును మూసే భాగం) తెరిచి చూడండి. "ఖాళీదే" అని కోచ్ చెప్పినా సరే, మీ కళ్లతో చూసేదాకా అది నిండుగా ఉన్నట్టే లెక్క.

• గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. వెనక నుంచి ఎవరైనా పలకరిస్తే మనిషితోపాటు రైఫిలూ తిరిగిపోతుంది. ముందు దాన్ని బల్లమీద పెట్టండి, తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకోండి.

• సేఫ్టీ ఫ్లాగ్ మరవకండి. రంగు కొట్టొచ్చినట్టు కనిపించే ఈ తీగ గొట్టం పొడవునా దూరి, మూతి దగ్గర కొస బయటికి రావాలి. వచ్చిందంటే లోపల పెల్లెట్ లేనట్టే. పొట్టి ముక్క పెట్టి సరిపెట్టడం పనికిరాదు.

• గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయటే. పోటీ రైఫిళ్లలో ట్రిగ్గర్‌ను తాకితే చాలు, పేలుతుంది.

• రైఫిల్‌కు బిగించే గాలి సిలిండర్ మీద గడువు తేదీ ఉంటుంది. లోపలి ఒత్తిడి దాదాపు 200 బార్. గడువు దాటితే పక్కన పెట్టేయడమే, ఇందులో బేరాల్లేవు.

• "స్టాప్" వినగానే ఆపండి. ఎవరైనా టార్గెట్ల వైపు వెళ్తే రైఫిల్ ముట్టుకోకండి.

• 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లు సీసంతో చేసినవి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్ డబ్బా తెరవండి.