రెండో కీమోకి ముందు

క్లోమగ్రంథి క్యాన్సర్‌కు మొదట ఇచ్చిన కీమో పనిచేయడం లేదని స్కాన్‌లో తేలగానే ఇంట్లోవాళ్లు "తర్వాతి మందు ఎప్పుడు?" అని అడుగుతారు. ఒళ్లు దాన్ని తట్టుకుంటుందా అన్నది ముందు తేలాలి. రోగి పగలు సగానికి పైగా మంచంమీదే ఉంటే ఆ సంగతి దాచకండి. "బాగానే తిరుగుతున్నారండీ" అన్న మొహమాటపు మాటను నమ్మి డాక్టరు పూర్తి మోతాదు రాస్తే అవస్థ పడేది రోగే.

మొదట జెమ్‌సైటబిన్ వాడినవారికి సాధారణంగా 5-ఎఫ్‌యూతో ఇరినోటెకాన్ ఇస్తారు. ఫోల్ఫిరినాక్స్ అనే మందుల కలయిక వాడినవారికి జెమ్‌సైటబిన్ వైపు మారుస్తారు. ఇరినోటెకాన్‌ను సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చే లైపోజోమల్ రకానికి 2015లో అమెరికాలో అనుమతి తెచ్చిన పరిశోధనలో మధ్యస్థ జీవితకాలం (సగంమంది దాటే కాలం) 4.2 నెలల నుంచి 6.1 నెలలకు పెరిగింది. కొందరికి అంతకంటే ఎక్కువే దక్కుతుంది, కానీ పొలం అమ్మే ముందు ఈ అంకె తెలిసి ఉండాలి. బీఆర్‌సీఏ, ఎంఎస్‌ఐ అనే జన్యు పరీక్షలు చేయించారో లేదో కూడా అడగండి. కొద్దిమందికే అయినా, వాటి ఫలితాన్ని బట్టి వేరే మందులకు దారి దొరుకుతుంది. 5-ఎఫ్‌యూ కొత్తగా మొదలుపెడుతుంటే డీపీడీ అనే ఎంజైమ్ పరీక్ష గురించి అడగండి. ఆ ఎంజైమ్ లోపించినవారికి మామూలు మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది.

అన్నిటికంటే భయపడవలసింది జ్వరానికి. థర్మామీటరు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి బయలుదేరండి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటే ఆ కొద్ది గంటల్లోనే పరిస్థితి చేయి దాటుతుంది. పైత్యరస నాళంలో స్టెంట్ ఉన్నవారికి చలిజ్వరం వచ్చి, కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులోకి మారితే స్టెంట్ మూసుకుపోయిందేమో చూడాలి. మలేరియా అనుకుని ఊళ్లో సూది వేయించి ఊరుకుంటే కాలం చేజారుతుంది. ఒక కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే చూపించాలి.

ఇరినోటెకాన్‌తో విరేచనాలు పట్టుకుంటే సగ్గుబియ్యం జావ ఒక్కటే సరిపోదు. లోపెరమైడ్ ఇంట్లో ఉంచుకుని, ఎప్పుడు ఎంత వేయాలో ముందే రాయించుకోండి. జిడ్డుగా తేలే మలం వేరు: అది కొవ్వు అరగనందువల్ల వచ్చేది. దానికిచ్చే ఎంజైమ్ క్యాప్సూళ్లు మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో మరొకటిగా వేసుకోవాలి. చేయి కడుక్కున్నాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు.

మార్ఫిన్ అలవాటైపోతుందని నొప్పిని భరించమనడం క్రూరత్వం. దానితోపాటు మలబద్ధకానికి మందు రాయించుకుంటే చాలు. హైదరాబాదు ఎంఎన్‌జే ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. కీమో నడుస్తుండగానే అలాంటి చోటికి వెళ్లవచ్చు, ఆఖరి రోజులదాకా ఆగనక్కర్లేదు.

ఏ ఫలితం చూసి మందు ఆపుతారో మొదటి రోజే డాక్టరును అడగండి. ఆ మాట జరిగేటప్పుడు రోగిని బయట బెంచీమీద కూర్చోబెట్టకండి. ఎంతవరకు వినాలో, ఎక్కడ చాలనాలో ఆయనే చెబుతారు.